తమ్ముడి ఎంఆర్ఐ రిపోర్టు చూసి నిద్రపట్టని అక్కకు

అమ్మా, మీరు రాసినదంతా రెండుసార్లు చదివాను. సంగతి క్లుప్తంగా ఇదీ: మీ తమ్ముడికి 27 ఏళ్ళు, ఇంజనీరింగ్ చదివి బెంగళూరులో ఉద్యోగం చేస్తుండగా 23వ ఏట స్కిజోఫ్రెనియా (లేని గొంతులు వినిపించడం, భ్రమలు ఉండే జబ్బు) మొదలైంది, ఇప్పుడు ఇంటి దగ్గరే ఉండి ఒలాంజపిన్ మాత్రలు వాడుతున్నాడు. ఈమధ్య తలనొప్పి అంటే ఎంఆర్ఐ తీయించారు, అందులో మెదడు వయసుకు మించి కొద్దిగా కుంచించుకుపోయిందనీ, వెంట్రికల్స్ కాస్త పెద్దవిగా ఉన్నాయనీ రాశారు. మీరు నెట్‌లో వెతికితే, ఈ జబ్బు ఉన్నవాళ్ళలో మెదడు నిర్మాణానికీ ఆత్మహత్యకీ సంబంధం ఉందని కనిపించింది. మీ మేనమామ ఒకాయన అలాగే పోయారు కాబట్టి ఇక నిద్ర లేదు. ముప్పు ఎంతో తెలుసుకోవడానికి మళ్ళీ స్కాన్ తీయించాలా, మాత్రల వల్లే మెదడు తగ్గుతోందా, రిపోర్టు సంగతి తమ్ముడికి చెప్పాలా వద్దా, ఇవీ మీ మూడు ప్రశ్నలు.

నేను ఇరవై నాలుగేళ్ళుగా సైకియాట్రిస్టుని. సగం సర్వీసు ప్రభుత్వాసుపత్రిలో అయింది, మిగతాది ఒక చిన్న ఊళ్ళో సొంత క్లినిక్. మీరు టెన్షన్‌లో ఉన్నారు, ఇంత పొడుగు జవాబు చివరిదాకా చదివే ఓపిక ఉండకపోవచ్చు, అందుకని ముందు జవాబులు చెప్పేస్తాను. ఆ రిపోర్టులో మీ తమ్ముడి ప్రాణానికి ముప్పు ఉందని గానీ లేదని గానీ ఏమీ లేదు, ఏ స్కాన్‌లోనూ ఉండదు. మళ్ళీ తీయించొద్దు. మాత్రలు ఆపొద్దు. మూడో ప్రశ్నకు జవాబు పెద్దది, చివర్లో చెప్తాను. ఒకవేళ వాడు ఇప్పుడు, ఈ వారంలో, చచ్చిపోతానని గానీ ఉండి ఏం లాభమని గానీ అంటుంటే మాత్రం ఇది చదవడం ఆపి డాక్టర్ దగ్గరకు తీసుకెళ్ళండి, ఒంటరిగా వదలొద్దు. ఏ అర్ధరాత్రయినా ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. ప్రాణం మీదకు వస్తే 108 గానీ 112 గానీ.

ఇక వివరంగా.

వెంట్రికల్స్ అంటే మెదడు లోపల ద్రవం నిండి ఉండే గదులు, అందరికీ ఉంటాయి. చుట్టూ ఉన్న మెదడు కండ కాస్త తగ్గితే ఆ గదులు కాస్త పెద్దవిగా కనిపిస్తాయి. స్కిజోఫ్రెనియాలో ఇవి పెద్దవిగా ఉంటాయని సిటి స్కాన్‌తో చూపించింది 1976లో, లండన్ దగ్గర నార్త్‌విక్ పార్క్ ఆసుపత్రిలో ఈవ్ జాన్‌స్టన్ బృందం. వాళ్ళు చూసిన రోగులు పట్టుమని ఇరవై మంది కూడా లేరు, అయినా దాని ప్రభావం చాలా పెద్దది, ఎందుకంటే అంతకుముందు రెండు మూడు దశాబ్దాలు అమెరికాలో పేరున్న డాక్టర్లే ఈ జబ్బు తల్లి పెంపకం వల్ల వస్తుందని చెప్పి ఎంతోమంది తల్లుల్ని ఏడిపించారు. (మన దగ్గర ఆ పని ఇప్పటికీ చుట్టాలు చేస్తుంటారు, అది వేరే సంగతి.) ఇది మెదడుకు వచ్చే జబ్బు, ఎవరి తప్పూ కాదు అని గట్టిగా చెప్పడానికి ఆ స్కాన్లు పనికొచ్చాయి. ఆ పని అవి ఈరోజుకీ చేస్తున్నాయి. కాబట్టి మీ తమ్ముడి రిపోర్టులో ఉన్నది కొత్త జబ్బు కాదు, నాలుగేళ్ళ నుంచీ ఉన్న జబ్బు తాలూకు మామూలు జాడ. అది కూడా "ఉండొచ్చు" అనే స్థాయిలోనే, ఎందుకంటే అదే మాట ఏ జబ్బూ లేనివాళ్ళ రిపోర్టుల్లోనూ నేను చూస్తుంటాను.

తేడాలు నిజంగా ఎంత ఉంటాయో చెప్తాను. ఎనిగ్మా అనే అంతర్జాతీయ బృందం 2016లో రెండు వేల పైచిలుకు స్కిజోఫ్రెనియా రోగుల స్కాన్లనూ రెండున్నర వేల మంది ఆరోగ్యవంతుల స్కాన్లనూ పోల్చింది. జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్, భయాన్ని పసిగట్టే అమిగ్డలా, సమాచారాన్ని చేరవేసే థాలమస్ సగటున చిన్నవిగా, వెంట్రికల్స్ పెద్దవిగా తేలాయి. 2018లో కార్టెక్స్ మందం కూడా కొలిచారు, ఈసారి దాదాపు నాలుగున్నర వేల మంది రోగులు, మెదడు పైపొర చాలా చోట్ల పలచగా ఉందన్నారు. ఆ పైపొర మందమే రెండు మూడు మిల్లీమీటర్లు, సగటు తేడా అందులో మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు.

ఇక్కడ "సగటున" అనే మాటే మొత్తం కథ. రెండు తోటల బంగినపల్లి కాయలు తూకం వేశారనుకోండి. ఒక తోట కాయ సగటున ఇరవై గ్రాములు తక్కువ తూగింది. వేల కాయలు తూచారు కాబట్టి ఆ తేడా నిజమే, అబద్ధం కాదు. కానీ మీ చేతిలో ఒక్క కాయ పెట్టి ఇది ఏ తోటదో చెప్పమంటే? చెప్పలేరు, ఎందుకంటే రెండు తోటల్లోనూ పెద్ద కాయలున్నాయి, చిన్న కాయలున్నాయి. అన్నిటికంటే ఎక్కువ తేడా కనిపించిన భాగాల్లో హిప్పోకాంపస్ ఒకటి, దాంట్లో కూడా రోగుల కొలతలూ మామూలు వాళ్ళ కొలతలూ ఎనభై శాతం పైగా ఒకదాని మీద ఒకటి పడిపోతాయి. జబ్బు ఉందా లేదా అన్నదే స్కాన్ చూసి చెప్పలేం. అందుకే స్కిజోఫ్రెనియాని ఇప్పటికీ మాట్లాడి, చూసి నిర్ధారిస్తాం. మొదటిసారి జబ్బు వచ్చినప్పుడు స్కాన్ తీయించేది గడ్డలూ ఇన్ఫెక్షన్లూ లాంటివి ఏమీ లేవని తేల్చుకోవడానికే.

మరి ఆత్మహత్య గురించి మీరు చదివింది అబద్ధమా అంటే, అబద్ధం కాదు, కానీ చాలా పలచని నిజం. ఈ పరిశోధనల్లో స్కిజోఫ్రెనియా ఉన్నవాళ్ళను రెండు గుంపులు చేస్తారు, గతంలో ఆత్మహత్యకు ప్రయత్నించి బతికినవాళ్ళు, ఎప్పుడూ ప్రయత్నించనివాళ్ళు. ఇద్దరి స్కాన్లూ పోలుస్తారు. 2008లో వచ్చిన ఒక అధ్యయనం ప్రయత్నించినవాళ్ళలో ఎడమవైపు కణత పైభాగంలోనూ, కళ్ళకు పైనుండే ఆర్బిటోఫ్రంటల్ భాగంలోనూ గ్రే మేటర్ (నరకణాలుండే పొర) తక్కువ అంది. అదే ఏడాది ఇంకొకటి ముందు భాగం అడుగున వైట్ మేటర్ (నరాల తీగలుండే భాగం) ఎక్కువ అంది. 2011లో ఒకటి కుడివైపు అమిగ్డలా పెద్దదిగా ఉందంది. 2016లో జర్మనీలోని యేనా వాళ్ళు ముందు భాగంలోనూ కణతల దగ్గరా పైపొర పలచబడిందన్నారు. ఒకరు తక్కువ అంటే ఇంకొకరు ఎక్కువ అంటున్నారు, ఒకరు ఎడమ అంటే ఒకరు కుడి. ముందు భాగమూ కణతల భాగమూ పదేపదే వస్తున్నాయి, అంతవరకు పట్టించుకోవచ్చు, అంతకు మించి లాగకూడదు.

ఆ చోట్లు రావడంలో అర్థం లేకపోలేదు. కణత పైభాగం మాటలు వినే చోటు, లేని గొంతులు వినిపించడానికి దాంతో సంబంధం ఉంది. ముందు భాగం అడుగున ఉన్నది ఏది మేలు, ఏది చేటు అని బేరీజు వేస్తుంది, పైన పక్కగా ఉన్నది బ్రేకు వేస్తుంది. తట్టుకోలేని బాధ, చెవిలో తిట్టే గొంతు, సరిగ్గా పడని బ్రేకు, ఈ మూడూ ఒకే గంటలో కలిస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. ఆలోచనగా బాగానే ఉంది. కానీ ఎంఆర్ఐ ఆ గంటను ఫోటో తీయదు. ఒక మంగళవారం మధ్యాహ్నం మనిషి కదలకుండా పడుకుంటే అప్పటి మెదడు ఆకారాన్ని తీస్తుంది. ఆకారం ఏడాదికి ఏడాదికి మారేది, ముప్పు గంట గంటకూ మారేది.

ఇంకో లోపం ఉంది, దీన్ని పేపర్ వార్తల్లో రాయరు. స్కాన్ తీసింది బతికినవాళ్ళకే. ప్రాణం పోయినవాళ్ళ మెదళ్ళ మీద పరిశోధనలు వేరే ఉన్నాయి, అవి కణాలూ రసాయనాల స్థాయిలో చేసేవి, ఆ తేడాలు ఎంఆర్ఐలో కనపడవు. పైగా స్కాన్లో కనిపించిన తేడా ప్రయత్నానికి ముందు నుంచీ ఉందా, ప్రయత్నం వల్ల వచ్చిందా, ఆ మనిషికి డిప్రెషన్ కూడా ఉన్నందువల్లా, సిగరెట్లూ తాగుడూ వల్లా, ఎక్కువ డోసు వాడినందువల్లా? ఒక్కో అధ్యయనంలో ప్రయత్నించినవాళ్ళు పదుల్లోనే ఉంటారు కాబట్టి ఇవన్నీ విడదీయడం కుదరదు. ఆత్మహత్యాయత్నం మీద చేసిన అతిపెద్ద పరిశోధనల్లో ఒకదానిలో, అదీ ఎనిగ్మా వాళ్ళదే, డిప్రెషన్ ఉన్నవాళ్ళవీ ఆరోగ్యవంతులవీ కలిపి 18,925 మంది స్కాన్లు చూశారు. అంతమందిని కలిపితే దొరికిన తేడాలు ఎంతో చిన్నవి, ఇందాకటి హిప్పోకాంపస్ తేడాకన్నా బాగా చిన్నవి.

సరే, వాదన కోసం ఇప్పుడున్నదానికంటే ఎంతో గొప్ప స్కాన్ ఒకటి వచ్చిందనుకుందాం. ముప్పు ఉన్నవాళ్ళలో నూటికి 80 మందిని పట్టుకుంటుంది, ముప్పు లేనివాళ్ళలో నూటికి 80 మందికి ఏమీ లేదని సరిగ్గా చెప్తుంది. ఈ జబ్బు ఉన్న వెయ్యి మందికి అది తీశాం. వెయ్యిలో జీవితకాలంలో ఆత్మహత్యతో పోయేవాళ్ళు సుమారు 50 మంది. స్కాన్ అందులో 40 మందిని పట్టింది, 10 మందిని వదిలేసింది. మిగతా 950 మందిలో 190 మందికి అనవసరంగా ఎర్రజెండా ఎగరేసింది. అంటే జెండా పడ్డ 230 మందిలో 190 మందికి అది తప్పు. ఆ 190 ఇళ్ళలో ఏం జరుగుతుంది? బాత్రూమ్ గడియ తీసేస్తారు, ఫోన్ లాక్కుంటారు, వాడిని చూసినప్పుడల్లా తల్లి కళ్ళ నీళ్ళు పెట్టుకుంటుంది. స్కాన్ ఏమీ లేదని చెప్పిన పది మంది ఇళ్ళలో మాత్రం అందరూ నిశ్చింతగా నిద్రపోతారు. ఇంత మంచి పరీక్ష లేదు, ఉన్నా నేను రాయను.

ఆ వెయ్యికి 50 అన్నది ఊహ కాదు. ఒకప్పటి పుస్తకాల్లో స్కిజోఫ్రెనియా ఉన్నవాళ్ళలో పది శాతం ఇలా పోతారని ఉండేది, నేను కూడా అదే చదువుకుని పరీక్ష పాసయ్యాను. 2005లో పాత అధ్యయనాలన్నీ మళ్ళీ లెక్కగట్టి అది ఐదు శాతం దగ్గర ఉంటుందని తేల్చారు. మామూలు జనంతో పోలిస్తే ఐదు శాతం చాలా ఎక్కువే, దాన్ని తేలిక చేయను. కానీ నూటికి 95 మంది అలా పోరు. మీ అమ్మగారికి ఈ అంకె చెప్పండి, నెట్‌లో ఎవరూ ఇటువైపు నుంచి రాయరు.

ఇంకొకటి, ముప్పు అంతా జీవితకాలం పొడుగునా సమానంగా పరుచుకుని ఉండదు. జబ్బు మొదలైన తొలి ఏళ్ళలో, ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన తొలి వారాల్లో పోగుపడుతుంది. ఎవరికి ఎక్కువ అన్నది 2010లో వచ్చిన ఒక సమీక్షలో బాగా కూర్చారు: చిన్న వయసు, మగవాళ్ళు, ఎక్కువ చదువుకున్నవాళ్ళు, అంతకుముందు ప్రయత్నించినవాళ్ళు, డిప్రెషన్ ఉన్నవాళ్ళు, గొంతులూ భ్రమలూ ఇంకా తగ్గనివాళ్ళు, తాగుడు లాంటి అలవాట్లున్నవాళ్ళు, కుటుంబంలో ఎవరైనా అలా పోయినవాళ్ళు. వీటితో పాటు జబ్బు గురించిన తెలివిడి ఉన్నవాళ్ళు కూడా. చివరి మాట చదివి మీరు ఆశ్చర్యపోతారు. కాపాడే అంశాల్లో నిలకడగా తేలింది ఒక్కటే, సరైన వైద్యం అందడం, దాన్ని మానకుండా వాడటం.

చదువూ తెలివిడీ ముప్పెందుకు అవుతాయో నేను పుస్తకంలో కంటే ఓపీలో ఎక్కువ నేర్చుకున్నాను. గొంతులు జోరుగా వినిపిస్తున్నప్పుడు మనిషి వేరే లోకంలో ఉంటాడు. మందులు పనిచేసి ఆ పొగమంచు విడిపోయాక చుట్టూ చూసుకుంటాడు. క్లాసులో పక్కన కూర్చున్నవాడు డాలస్‌లో ఇల్లు కొన్నాడు, ఇంకొకడి పెళ్ళి శుభలేఖ టీవీ మీద ఉంది, తనేమో పాతిక కిలోల బరువు పెరిగి మధ్యాహ్నం పన్నెండుకి నిద్ర లేస్తున్నాడు. "ఇక నా బతుకింతేనా సార్" అని అడుగుతాడు. ఇంట్లోవాళ్ళు అప్పుడే ఊపిరి పీల్చుకుంటారు, గొడవలు తగ్గాయి, బాగున్నాడు అని. నాకు ఎక్కువ భయం వేసేది ఆ నెలల్లోనే. స్కిజోఫ్రెనియా అనే పేరు పెట్టిన బ్లాయిలర్ 1911లోనే ఈ జబ్బు లక్షణాల్లో అన్నిటికంటే తీవ్రమైనది చావాలనిపించడమే అని రాశాడు. స్కాన్లు లేని రోజుల్లో, మాట్లాడి తెలుసుకున్నాడు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్తాను. వివరాలు కొన్ని మార్చాను. చాలా ఏళ్ళ కిందట ఒక కుర్రాడు, మీ తమ్ముడి వయసే, లెక్కల్లో పీజీ చదివేవాడు. తండ్రి ఎంఆర్ఐ కవరు తెచ్చాడు. నేను ఫిల్మ్‌ని కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి, వెంట్రికల్స్ చూపుడువేలితో చూపించి, "ఇదుగో, ఇక్కడ కొంచెం అట్రోఫీ ఉంది, ఈ జబ్బులో మామూలే, కంగారేం లేదు" అని తండ్రికి చెప్పాను. కుర్రాడు పక్కనే కూర్చున్నాడు. వాడి వైపు చూడలేదు. బయట ముప్పై మంది ఉన్నారు, తర్వాతి వాళ్ళను పిలిచాను. మూడు వారాల తర్వాత వాడిని వేరే ఆసుపత్రి వార్డులో చూశాను. ప్రాణం దక్కింది. చొక్కా జేబులో ఆ రిపోర్టు నాలుగు మడతలు పెట్టి ఉంది, "అట్రోఫీ" అనే మాట కింద నీలి పెన్నుతో రెండు గీతలు. వాడు ఆ మాట నిఘంటువులో చూసుకున్నాడు. "మెదడు ఎండిపోతోంది కదా సార్, ఇంకా ఎన్నేళ్ళు పడుతుంది మొత్తం పోవడానికి?" అని నన్ను నెమ్మదిగా, లెక్క అడిగినట్టే అడిగాడు.

అప్పటికి ఆ స్కాన్లో ముప్పు లేదు. నేను చదివిన తీరులో ఉంది. నిరాశ అనేది చాలా పరిశోధనల్లో ముప్పుగా తేలిన విషయం, దాన్ని ఒక్క మాటతో నేనే తయారుచేసి ఇచ్చాను. ఆ తర్వాత ఏ రిపోర్టు చూసినా ముందు రోగితోనే మాట్లాడుతున్నాను, తండ్రి తర్వాత.

మీరు ఇంట్లో చూడగలిగినవి, ఏ స్కానూ చూడలేనివి రెండు చెప్తాను. మొదటిది కాళ్ళు. ఈ జబ్బుకు వాడే యాంటీసైకోటిక్ మందుల్లో కొన్నిటితో అకథీసియా అనే ఇబ్బంది వస్తుంది, ముఖ్యంగా మందు మార్చినప్పుడూ డోసు పెంచినప్పుడూ. మనిషి కూర్చోలేడు. అన్నం దగ్గర కూర్చుని రెండు ముద్దలు తిని లేస్తాడు, వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతాడు, నిలబడ్డా ఈ కాలి మీద నుంచి ఆ కాలి మీదకు మారుతుంటాడు, రాత్రి రెండింటికి చెప్పుల చప్పుడు వినిపిస్తుంది. ఇంట్లోవాళ్ళు జబ్బు ముదిరిందనుకుని ఇంకా డోసు పెంచమంటారు. వాడికి లోపల చర్మం కింద చీమలు పాకుతున్నంత బాధ, చచ్చిపోతే బాగుండు అనిపించేంత. ఒలాంజపిన్‌తో ఇది కాస్త తక్కువ, కానీ మందు మారుస్తుంటే గుర్తుంచుకోండి. డోసు తగ్గించడమో, మందు మార్చడమో, ప్రొప్రనలాల్ లాంటిది కలపడమో చేస్తే చాలామందికి త్వరగానే తగ్గుతుంది. డాక్టరుకు "నిద్ర పట్టట్లేదు" అని కాదు, "కూర్చోలేకపోతున్నాడు" అని చెప్పండి, ఆ ఒక్క మాటతో ఆయనకు అర్థమవుతుంది.

రెండోది గొంతులు ఏం చెప్తున్నాయి అన్నది. వినిపిస్తున్నాయా అని అందరూ అడుగుతారు, ఏమంటున్నాయి అని ఎవరూ అడగరు. చావమని ఆజ్ఞాపిస్తున్నాయా, ఆ మాట వినాలనిపిస్తోందా, ఈ రెండూ అడగాలి.

మన ఇళ్ళలో ఇదే కష్టం. చావు మాట ఎత్తగానే "ఛ ఛ, సందెవేళ అవేం మాటలు, తథాస్తు దేవతలుంటారు" అంటారు పెద్దవాళ్ళు. వాళ్ళ ప్రేమ నాకు అర్థమవుతుంది. కానీ ఆ మాటతో వాడి నోరు మూతపడుతుంది, ఆలోచన ఆగదు. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని మీరూ భయపడి ఉంటారు, అలా జరగదని పరిశోధనలు చాలాసార్లు చూపించాయి, నా అనుభవమూ అదే. అందరిముందూ కాకుండా, వాడితో బజారుకు నడుస్తున్నప్పుడో, బండి మీద వెళ్తున్నప్పుడో, కళ్ళలో కళ్ళు పెట్టి చూడాల్సిన అవసరం లేని చోట, మామూలు గొంతుతో అడగండి: "ఒరేయ్, ఒక్కోసారి చచ్చిపోవాలనిపిస్తోందా?" అవునంటే "ఎలా చేద్దామని ఏమైనా అనుకున్నావా, ఎప్పుడని అనుకున్నావా" అని కూడా అడగండి. ఏడవకండి, ఒట్లు వేయించుకోకండి, "అమ్మ గురించి ఆలోచించావా" అని తప్పు చేసినవాణ్ణి చేయకండి. "చెప్పావు, మంచిపని చేశావు" అని చెప్పి, ఆలోచన గట్టిగా ఉంటే అదే రోజు డాక్టర్ దగ్గరకు వెళ్ళండి. మాత్రలు నెలలవి కాకుండా వారం రెండు వారాలవే తెచ్చి మీ దగ్గర ఉంచుకోండి. పొలం మందులు ఇంట్లో పెట్టే అలవాటుంటే ఇంట్లోంచి తీసేయండి. పోలీసు కేసవుతుందని దాచే కుటుంబాలు ఇంకా ఉన్నాయి, 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం 2018లో అమల్లోకి వచ్చింది, దాని 115వ సెక్షన్ ప్రకారం ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు, వైద్యం అందించాలి.

మాత్రల వల్ల మెదడు తగ్గుతుందా అన్న మీ రెండో ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారేయను. 2011లో అమెరికాలోని అయోవాలో నాన్సీ ఆండ్రియాసన్ బృందం 211 మందిని ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ స్కాన్ చేసి, మందులు ఎక్కువ వాడినవాళ్ళలో మెదడు పరిమాణం కాస్త ఎక్కువ తగ్గిందని చెప్పింది. నిజమే. జబ్బు ఎక్కువున్నవాళ్ళకే మందులు ఎక్కువ పడతాయి కాబట్టి ఏది దేనివల్ల అన్న చిక్కు ఉంది. 2020లో సైకోసిస్‌తో (అంటే భ్రమలూ లేని గొంతులూ) కూడిన డిప్రెషన్ ఉన్నవాళ్ళ మీద చేసిన అధ్యయనంలో ఒలాంజపిన్ వాడినవాళ్ళకూ పైపొర కొంచెం పలచబడింది, ఉత్తుత్తి మాత్ర వాడి జబ్బు తిరగబెట్టినవాళ్ళకూ పలచబడింది. అంటే మందు వల్ల కొంత నష్టం ఉండొచ్చు, జబ్బు తిరగబెట్టడం వల్ల కూడా ఉండొచ్చు. ఇప్పుడు తక్కెడ రెండో వైపు చూడండి. ఫిన్లాండ్‌లో 66,881 మంది స్కిజోఫ్రెనియా రోగుల రికార్డులు పదకొండేళ్ళపాటు చూస్తే, మందులు అసలు వాడనివాళ్ళలో మరణాలు ఎక్కువ, క్లోజపిన్ వాడినవాళ్ళలో అన్నిటికంటే తక్కువ. అది 2009లో వచ్చింది. ఘనపు మిల్లీమీటర్లు ఒక పళ్ళెంలో, మనిషి ఇంకో పళ్ళెంలో. నేనైతే డోసు అవసరమైనంత తక్కువలో ఉంచమంటాను, పూర్తిగా ఆపమని ఎప్పుడూ అనను, మీ అంతట మీరు ఆపడం అసలే వద్దు.

క్లోజపిన్ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. ఆత్మహత్య ముప్పు తగ్గిస్తుందని స్కిజోఫ్రెనియాలో గట్టి రుజువున్న మందు అది. 980 మంది ముప్పున్న రోగులకు సగం మందికి క్లోజపిన్, సగం మందికి ఒలాంజపిన్ ఇచ్చి రెండేళ్ళు చూశారు, క్లోజపిన్ వైపు ప్రయత్నాలు తక్కువయ్యాయి. అమెరికాలో 2002లో ఆ పనికే అనుమతి కూడా ఇచ్చారు. తెల్లరక్తకణాలు పడిపోయే ప్రమాదం అరుదుగా ఉంటుంది కాబట్టి మొదటి నెలల్లో వారం వారం రక్తపరీక్ష తప్పదు, మలబద్ధకం, నిద్రమత్తు, బరువు కూడా చూసుకోవాలి. ఆ తంటా చూసి మన దగ్గర డాక్టర్లూ కుటుంబాలూ కూడా వెనక్కి తగ్గుతారు, ఆలస్యంగా మొదలుపెడతారు. మీ తమ్ముడికి ఇప్పుడే అవసరమని నేను అనడం లేదు. ఎప్పుడైనా ప్రయత్నం జరిగినా, ఆ ఆలోచనలు వదలకపోయినా మీ డాక్టర్‌ను పేరు పెట్టి అడగండి.

మేనమామ సంగతి: కుటుంబంలో ఉంటే ముప్పు కొంత పెరుగుతుంది, అది జాతకం కాదు. ఆయన గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడరని రాశారు, మీ తమ్ముడికి మాత్రం తెలియకుండా ఉంటుందా? మాట్లాడని విషయమే పిల్లలకు బాగా తెలుస్తుంది.

ఇక రిపోర్టు చెప్పాలా వద్దా. అమ్మా, వాడు ఇంజనీరు, రిపోర్టు పీడీఎఫ్ వాడి ఫోన్‌కే వచ్చి ఉంటుంది. మీకంటే ముందు వాడే వెతికి ఉంటాడు, మీరు చదివిన పేజీలే చదివి ఉంటాడు. కాబట్టి చెప్పాలా అన్నది కాదు ప్రశ్న. "రిపోర్టు చూశావా, అందులో నీకు ఏం అర్థమైంది?" అని అడగండి, వాడు చెప్పేది మధ్యలో ఆపకుండా పూర్తిగా వినండి. మెదడు ఎండిపోతోందని అనుకుంటుంటే మామిడికాయల లెక్క చెప్పండి, లెక్కలు తెలిసినవాడు కదా, నాకంటే బాగా పట్టుకుంటాడు. తగ్గిందన్నది చాలా కొద్దిగా అని, అది తెలివితేటల కొలత కాదని, మళ్ళీ పని చేసుకుంటున్నవాళ్ళూ పెళ్ళిళ్ళు చేసుకున్నవాళ్ళూ ఇలాంటి స్కాన్లతోనే ఉన్నారని చెప్పండి. మీ వల్ల కాకపోతే వచ్చే విజిట్‌లో డాక్టర్‌ను వాడితోనే, వాడి వైపు తిరిగి చెప్పమని అడగండి. నేను చెప్పిన లెక్కల కుర్రాడికి ఆ వార్డులో అదే పని నేను చేయాల్సి వచ్చింది, మంచం పక్క స్టూలు లాక్కుని గంటసేపు, వాడి పెన్నుతోనే కాగితం మీద గుడిగంట ఆకారపు గీతలు రెండు ఒకదాని మీద ఒకటి గీసి. వాడు కాసేపు చూసి, "ఇంత ఓవర్‌ల్యాప్ ఉంటే మీరు రిపోర్టులో ఎందుకు రాస్తారు సార్?" అన్నాడు. ఇప్పుడు ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్తున్నాడు, క్లోజపిన్ మీద, రక్తపరీక్ష రోజున ఆలస్యంగా వెళ్తానని ప్రిన్సిపాల్‌తో ముందే మాట్లాడుకుని.